ఎడమకు వాలిన గీత

ఏడు గంటల లోపల కావలసిన పనులు:

ల్యాబ్‌లో మధ్యాహ్నం నుంచి సెలవు చీటీ ఇవ్వాలి.
రక్తం రిపోర్టులు తెచ్చి వార్డు నర్సుకు అప్పజెప్పాలి.
ముందు గుండీలున్న చొక్కాలు రెండు కొనాలి. తల మీదుగా తొడుక్కునేవి ఇక పనికిరావు.
మెత్తటి తువ్వాళ్ళు.
రాసి చెరిపేసుకునే పలక, దానికో పెన్ను.
పొద్దున్న ఎన్నింటికి రావాలో అక్కకు చెప్పాలి.
మూల మీది వైన్ బార్‌కు వెళ్ళి గ్లాసులు చూడాలి.
నాన్నతో సంతకం పెట్టించాలి.

మొదటి ఆరింటి మీదా గీతలు పడేసరికి ఐదున్నరయింది. ఏడో పని ఎదురుగానే ఉంది, నిలువెత్తు కిటికీ అద్దం వెనక, పసుపు దీపాల కింద. ఎనిమిదో పని ఏడోదాని చేతిలో ఉంది. ఏడు దాటితే రేపటి ఆపరేషన్ బల్ల ఇంకొకరికి ఇచ్చేస్తారని, మళ్ళీ వంతు రావడానికి నెల పడుతుందని, ఆ గొంతులో పెరుగుతున్నది నెల రోజులు ఊరుకునే రకం కాదని గొంతు డాక్టరు పొద్దున్నే చెప్పాడు, ఆమె కళ్ళలోకి చూడకుండా గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ. అంతా విన్నా నాన్న కాగితం ముట్టుకోలేదు. స్వరపేటిక తీసేస్తారండీ, మెడ కింద చిన్న రంధ్రం పెడతారు, ఊపిరి అటు నుంచి తీసుకుంటారు, నాలుగు నెలలకు అలవాటైపోతుంది అని నర్సు కొత్త వంటపాత్ర గురించి చెప్పినంత తేలిగ్గా చెబుతుంటే, బొంగురుపోయి సగం గాలీ సగం మాటా అయిన గొంతుతో ఆయన ఒకటే అడిగాడు.

"అంటే నోట్లోంచి గాలి రాదు."

"రాదండీ."

"దీపం ఆర్పాలన్నా?"

"రాదండీ."

నర్సు వెళ్ళాక ఆయన కాగితాన్ని మడిచి దిండు కింద పెట్టాడు. "ముప్పై రెండేళ్ళు గాజు ఊది బతికానమ్మా. ఊదిందంతా ఏమైపోయిందో తెలియకుండా, ఇకనుంచి ఊపిరి మెడలో పెట్టుకోవయ్యా అంటే పెట్టేసుకోనా? ఆ మూల మీద బార్‌లో మా ఫ్యాక్టరీ గ్లాసులున్నాయని లారీ తోలే మీ పెదనాన్న నాకెప్పుడో చెప్పాడు. నాది ఒక్కటైనా మిగిలిందేమో చూసి రా. ఉంటే సంతకం పెడతాను." లేకపోతే అని ఆమె అడగబోయింది. ఆయన అటు తిరిగి పడుకున్నాడు. "ముందు చూసి రా."

చూసి రావడం. ఎంత చిన్న మాట. పదకొండేళ్ళుగా నీళ్ళ పరీక్షల ల్యాబ్‌లో చూసి రావడమే ఆమె ఉద్యోగం, చూడని అంకె ఎన్నడూ కాగితం మీద పెట్టింది లేదు. అయినా ఈ గుమ్మం ముందు కాళ్ళు మొరాయిస్తున్నాయి. ఒక చేతిలో చొక్కాల సంచి, చంకలో తువ్వాళ్ళు, సంచిలోంచి తల బయటపెట్టి వీధిని చూస్తున్న పలక. ఎవరైనా చూస్తే, అనుకుంది. ఎవరు చూస్తారు? ల్యాబ్‌లో వాళ్ళెవరూ ఈ వైపు రారు. అయినా ఆమె ఎక్కడికి నడిచినా ఇంటిల్లిపాదీ వెనక నడుస్తున్నట్టే ఉంటుంది, అమ్మ, అక్క, చిన్నత్త, వడ్రంగి మామయ్య, అందరూ. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆమె. మొదటి మనిషి తడబడితే వెనక వరుసంతా తడబడుతుందని ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంది. గట్టిగా నవ్వలేదు, ఆలస్యంగా ఇంటికి రాలేదు, ఇలాంటి గుమ్మం ఎక్కలేదు. నాన్న మాత్రం ఇక్కడ నిలబడేవాడు. మంగళవారం మంగళవారం ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు సరిగ్గా ఈ కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఆయన నడక ఆగిపోయేది. అరచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని లోపలికి చూసేవాడు. ఆమె చెయ్యి పట్టుకుని లాగేది. "పద నాన్నా, అందరూ చూస్తున్నారు. ఇప్పుడా వీటి మీదకు మనసు పోయేది?" ఆయన వెంట వచ్చేసేవాడు. తాగాలనుందేమోనని ఆమె అనుకుంది. రెండేళ్ళు అలాగే అనుకుంది. ఇప్పుడు ఆయన నిలబడ్డ చోటే నిలబడి, అరచెయ్యి అడ్డం పెట్టి చూస్తే, ఇక్కడి నుంచి గ్లాసులైతే కనబడతాయి గానీ వాటి కాడలు కనబడవు. ఎంత కళ్ళు చికిలించినా కనబడవు. ఆయన చూసింది వైన్ కోసం కాదు, తన గ్లాసు కోసం. తలుపు తోసింది.

లోపల ముందు వాసన పలకరించింది. తడిసిన చెక్క, కాలిన రొట్టె అంచు, ఎక్కడో పళ్ళబుట్ట అడుగున మరిచిపోయిన పండు. ఆమె తలెత్తింది, ఎత్తిన తల అలాగే ఉండిపోయింది. బల్ల పొడుగునా పైన చెక్కపట్టీల మధ్య గ్లాసులు తలకిందులుగా వేలాడుతున్నాయి, వంద ఉంటాయో నూట యాభై ఉంటాయో, పాదాలన్నీ పైకి, గిన్నెలన్నీ కిందికి, ఒక్కో గిన్నెలో ఒక్కో దీపం చిన్నదై, వంగి, పసుపు గింజలా కూర్చుని. వీధిలో ఏదో పెద్ద బండి పోయింది. నేల అదరడం ఆమె కాళ్ళకు తెలియలేదు గానీ పైన అన్ని గ్లాసులూ ఒక్కసారి సన్నగా, వినీ వినబడనట్టు మూలిగాయి. ఇంట్లో అందరూ ఒకే గదిలో పడుకున్న రోజుల్లో మెలకువ వస్తే ఇలాగే వినిపించేది, వరుసగా పడుకున్న మనుషుల ఊపిరి. ఒక గది నిండా ఎవరెవరి ఊపిరో వేలాడుతోంది ఇక్కడ. దాని కింద కూర్చుని మనుషులు మామూలుగా రొట్టె తుంచుకుంటున్నారు, జున్నుముక్క సన్నగా కోసుకుంటున్నారు, ఇద్దరు ఆడవాళ్ళు వేయించిన పుట్టగొడుగుల పళ్ళెం మధ్యలో పెట్టుకుని ఎవరి అత్తగారి గురించో నవ్వుకుంటున్నారు. ఎవరూ పైకి చూడడం లేదు.

బల్ల వెనక ఉన్నావిడ యజమానురాలని ఆవిడ తుడిచే పద్ధతిలోనే తెలిసింది. జీతానికి తుడిచేవాళ్ళు మూలలు వదిలేస్తారు. "కూర్చోండి. ఏమివ్వమంటారు? తెల్లదా, ఎర్రదా?" ఆ రెండూ కాదని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. "ఎర్రది. కొంచెం. రొట్టె కూడా" అంది, పరీక్ష హాల్లో తెలిసిన ప్రశ్న ముందు రాసినట్టు. గ్లాసు వచ్చింది. వైన్ పోసే శబ్దం నీళ్ళు పోసే శబ్దం కాదు, కాస్త చిక్కగా, తొందర లేకుండా ఉంది. ఆవిడ అటు తిరగ్గానే ఆమె గ్లాసు ఎత్తి కాడను దీపానికి ఎదురుగా పట్టింది. కాడకు రెండు పక్కలా నిలువునా సన్నటి కుట్టు, ఇనుప అచ్చులో రెండు చిప్పలు కలిసిన చోటు. యంత్రం చేసింది. ఇలాంటివి ల్యాబ్‌లో ఆమె బల్ల మీద కుప్పలుగా ఉంటాయి, గీతలతో, అంకెలతో. "నీ గ్లాసులకు గీతలుంటాయి, ఎంత పొయ్యాలో అవే చెబుతాయి. నావి ఏమీ చెప్పవు" అనేవాడు నాన్న, ఆమెకు ఉద్యోగం వచ్చిన కొత్తలో. చెప్పవని ఆయన అబద్ధమే ఆడాడు. ఆయన గ్లాసులు ఒకటి చెబుతాయి.

ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు ఒకసారి, ఒకే ఒక్కసారి, అమ్మకు జ్వరమొచ్చి ఫ్యాక్టరీకి అన్నం క్యారియరు తనే తీసుకెళ్ళింది. ఆ కొలిమి నోరు చూసి గుమ్మంలోనే కూలబడిపోయింది. ఎండను కత్తిరించి లోపల పెట్టినట్టుంది. ఇనుప గొట్టం చివర ఎర్రటి గాజు ముద్ద, తేనె కంటే చిక్కన, జారిపోతూ ఉంటుంది కాబట్టి తిప్పుతూనే ఉండాలి, ఒక్క నిమిషం ఆపినా కారిపోతుంది. అందరూ కుడిచేత్తో తిప్పుతున్నారు. అందరికీ ఒకవైపున్న బల్లలు. చివర ఒక్క బల్ల మాత్రం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది, వడ్రంగి మామయ్య ప్రత్యేకంగా చేసిపెట్టింది, దాని ముందు నాన్న. ఆయనది ఎడమచేతి వాటం. బళ్ళో ఆ చెయ్యి మీద బెత్తం దెబ్బలు తినీ తినీ మూడో తరగతిలోనే పలకా బలపం వదిలేసిన చెయ్యి అది. ఫ్యాక్టరీలో ఆయన్ని ఎడం మేస్త్రి అనేవాళ్ళు, మొదట వెక్కిరింతగా, తర్వాత పేరుగా. "ఎడం మేస్త్రీ, నీ కూతురొచ్చింది, అన్నం కూడా తిరగేసి తింటావా ఏంటి?" అని ఎవరో అరిచారు. ఆయన నవ్వలేదు. నవ్వితే ఊపిరి చెదిరి ముద్ద పాడవుతుంది. అప్పుడే గొట్టం నోట పెట్టుకున్నాడు. బుగ్గలు ఉబ్బించి గట్టిగా ఊదుతాడని ఆమె అనుకుంది, బెలూను ఊదినట్టు. లేదు. నిద్రపోయే పిల్ల మొహం మీది వెంట్రుకను పక్కకు జరపడానికి ఎంత గాలి కావాలో అంతే. అంత చిన్న గాలి ఆ గొట్టంలోంచి వెళ్ళి ఆ ముద్ద మధ్యలో ఒక చోటు చేసుకుంది. అక్కడ అంతకు ముందు ఏమీ లేదు. నాన్న లోపలి నుంచి వచ్చిన ఖాళీ అక్కడ కూర్చుంది. ఆ ముద్దను తడిపిన చెక్క అచ్చులో దించి, ఇంకొంచెం ఊది, అడుగున ఇంకో చిన్న ముద్ద అతికించి, పటకారుతో దాన్ని కిందికి లాగుతుంటే కాడ సాగింది, తిరుగుతూ సాగింది. తిరుగుతూ సాగిన గాజులో కంటికి ఆననంత సన్నటి చారలు పడతాయని, అవి మరమేకు చుట్టులా మెలితిరుగుతాయని, అందరివీ కుడికి వాలితే తనవి ఎడమకు వాలతాయని ఆయన చాలా ఏళ్ళకు చెప్పాడు, చారు పోసుకుంటూ, అదేమంత విషయం కానట్టు. "పరీక్షించేవాళ్ళు చూస్తే పక్కన పడేసేవాళ్ళే. ముప్పై రెండేళ్ళలో ఒక్కరూ చూడలేదు." అందులో ఫిర్యాదు లేదు. కొంచెం గర్వం ఉండేదేమో, ఆమె అప్పుడు పట్టించుకోలేదు, మర్నాడు పరీక్ష ఉంది.

పట్టించుకోనివి ఇంకా ఉన్నాయి, గ్లాసు పట్టుకుని కూర్చుంటే ఒక్కోటీ పైకి తేలుతున్నాయి. ఇంట్లో ఒక్క గాజు గ్లాసు ఉండేది కాదు, ఫ్యాక్టరీలోంచి పుల్ల కూడా బయటికి తేనిచ్చేవాళ్ళు కారు, అందరూ స్టీలు గ్లాసుల్లోనే తాగేవాళ్ళు. కాలేజీ దరఖాస్తులో తండ్రి వృత్తి అన్న చోట ఆమె ఎంతసేపు కలం పట్టుకు కూర్చుంది. పక్క పిల్ల ఇంజనీరు అని రాసింది, ముందు పిల్ల వకీలు అని రాసింది. గాజు ఊదడం అని రాస్తే ఎవరైనా నవ్వుతారేమోనని, వ్యాపారం అని రాసింది. ఆ కాగితం మీద ఆయన సంతకం కూడా పెట్టాడు. ఆ సంతకం ఆమె నేర్పిందే, ఐదో తరగతిలో ఉండగా, పాత నోటుపుస్తకం వెనక అట్ట మీద, వరుసగా ముప్పై సార్లు. ఎడమచేత్తో అక్షరాలను తోసుకుంటూ, నాలిక కాస్త బయటపెట్టి. వ్యాపారం అన్న మాట కింద ఆ ఎడమకు వాలిన సంతకం. ఆయనకు ఆ మాట చదవడం రాదని ఆమెకు తెలుసు. తెలిసే రాసింది. ఇరవై ఏళ్ళయింది, ఇప్పుడు ఇక్కడ, ఎవరూ అడగని ఈ బల్ల ముందు, చెవులు వేడెక్కుతున్నాయి. మధ్యాహ్నం పలక చూపిస్తే ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మళ్ళీ ఆమె సంచిలోనే పెట్టేసి, "గొంతు పోయాక దీనిమీద ఏం రాస్తానమ్మా? నాకు వచ్చింది ఒక్క సంతకమే. ఆకలేసినా సంతకం, దాహమేసినా సంతకం, చూసుకో మరి" అని నవ్వాడు, నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు.

ఆరు కావస్తోంది. ఆసుపత్రికి నడిచి పావుగంట. ఉందని చెప్పేస్తే? చూశాను నాన్నా, ఉంది, ఎడమకే వాలింది. మూడు మాటలు. ఆయన సంతకం పెడతాడు, రేపు బల్ల ఎక్కుతాడు, బతుకుతాడు. ఒక మనిషి బతకడానికి ఒక అబద్ధం, ఎవరు కాదంటారు? ఆమె దాన్ని నాలిక మీద పెట్టి చూసుకుంది. నిలవలేదు. ఆయన అడుగుతాడు, ఏ మాత్రం వాలింది, పాదం ఎలా ఉంది, మోగిస్తే ఏమంది అని అడుగుతాడు. ఇక గొంతుండదు కాబట్టి మళ్ళీ ఎన్నడూ అడగలేడన్న ఆలోచన దాని వెనకే వచ్చి నిలబడింది. అడగలేనివాడికి అబద్ధం చెప్పడం. చదవలేనివాడి కాగితం మీద రాయడం. ఒకసారి చేసింది చాలు.

"ఏమండీ" అంది, యజమానురాలు ఇటు తిరిగేదాకా ఆగి. "మూతపడిన గాజు ఫ్యాక్టరీ గ్లాసులు మీ దగ్గరున్నాయని విన్నాను. చేత్తో చేసినవి. ఒకసారి చూడొచ్చా?"

ఆవిడ తుడవడం ఆపింది. సంచి వంక, పలక వంక, ముట్టని గ్లాసు వంక చూసింది. "కొనడానికా?"

"చూడడానికేనండీ."

"చూడడానికైతే చూపిస్తాను. వాటిని రోజూ తియ్యనండీ. నాలుగు పెట్టెలు తెచ్చాను, ఇప్పుడు పదకొండు మిగిలాయి. నా చేతులు అలాంటివి మరి." వెనక బీరువా తెరిచి ఒక్కొక్కటే తెచ్చి బల్ల మీద పెట్టింది, రెండు వేళ్ళతో, కోడిగుడ్లు పెడుతున్నట్టు. పది. ఇవి వేరే జాతి. చూడగానే తెలుస్తోంది, అంచులు గాలిలో కలిసిపోయేంత సన్నం, ఎత్తితే చేతికి బరువు తెలియడం లేదు, చల్లదనం ఒక్కటే తెలుస్తోంది. ఆమె మొదటిది దీపానికి పట్టింది. చార కనబడింది, నీటిలో ఉప్పు కరిగేటప్పుడు కనబడే తీగలాంటి చార, మెలితిరుగుతూ, కుడికి. రెండోది కుడికి. మూడోది కుడికి. నాలుగు, ఐదు. ఫ్యాక్టరీ మూసేసిన వారం అమ్ముడుపోని పెట్టెలన్నీ గోతిలో పోసి రోలరుతో తొక్కించారని నాన్న ఒక్కసారే చెప్పాడు. ఆ శబ్దం ఎలా ఉంటుందని ఆమె అడిగితే "వాన" అన్నాడు. ఆరు కుడికి. ఏడు కుడికి. ఒక్కో గ్లాసూ ఎవరో ఒక మనిషి ఊపిరే, కుడిచేతి మనుషులు, అన్నం క్యారియర్లు తెచ్చుకున్న మనుషులు, ఎనిమిది, ఇలా చూడడానికి ఎవరి కూతురూ రాలేదు పాపం, తొమ్మిది. పదోదాన్ని దీపానికి పట్టింది. కుడికి.

"పదకొండన్నారు" అంది ఆమె. తన గొంతు తనకే నాన్న గొంతులా వినిపించింది.

"పదకొండోది బాబాయ్ చేతిలో ఉంది. దాన్ని ఆయన ఎవర్నీ ముట్టుకోనివ్వరు. నన్ను కడగనివ్వడమే ఎక్కువ."

కిటికీ పక్క కుర్చీలో ఒక పెద్దాయన, లావుపాటి కళ్ళజోడు, ముందు రెండు రొట్టెముక్కలు, చేతిలో గ్లాసు. ఆ చెయ్యి వణుకుతోంది. చెయ్యి ఊగుతోంది గానీ గ్లాసు ఊగడం లేదు, గాలిలో దానికేదో ఆధారం దొరికినట్టుంది. "ముట్టుకోనివ్వకపోవడానికి నేనేమన్నా రాజునా?" అన్నాడాయన ఇటు తిరక్కుండానే. "నీ చేతికిస్తే పది అవుతాయని భయం. అమ్మాయ్, ఇందాకటి నుంచి చూస్తున్నాను, కాడలు చూస్తున్నావు. గిన్నె చూసేవాళ్ళని చూశాను, అంచు చూసేవాళ్ళని చూశాను. కాడలు చూసేవాళ్ళు ఎవరూ రాలేదు. ఇలా రా."

ఆమె వెళ్ళింది. పది అడుగుల దూరం. ఆ పది అడుగులూ తర్వాత ఆమెకు గుర్తులేవు.

"నలభై ఏళ్ళు కళ్ళద్దాలు అరగదీశాను. గాజు నాకు అబద్ధం చెప్పదు" అన్నాడు పెద్దాయన. "మిగతావి ఏవి పట్టుకున్నా ఈ చేత్తో సగం చొక్కాకే తాగిస్తాను. ఇది ఒలకదు. ఎందుకా అని భూతద్దం పెట్టి చూశాను. పాదం మిగతావాటికంటే ఒక నూలువాసి వెడల్పు. ఇదిగో, ఈ గీత. ఊళ్ళో అందరూ కుడికి తిప్పితే ఈయన ఎడమకు తిప్పాడు. ఎవరో తెలియదు గానీ రోజూ సాయంత్రం పలకరిస్తాను. ఏం మేస్త్రీ బాగున్నావా అని."

ఆయన గ్లాసు ఎత్తి దీపానికి ఎదురుగా పట్టాడు. ముందు ఆమెకు ఎరుపు కనబడింది, ఎరుపు కింద కాడ, కాడలో గీత. ఎడమకు. సందేహమే లేదు, బళ్ళో దెబ్బలు తిన్న చెయ్యి ఎటు తోస్తుందో అటే, నోటుపుస్తకం అట్ట మీద అక్షరాలు ఎటు వాలేవో అటే. ఆమె పదకొండేళ్ళుగా గాజులో ద్రవం అంచు ఎక్కడుందో చూసి అంకెలు రాస్తూనే ఉంది, ద్రవం గాజును ముట్టుకున్న చోట కొద్దిగా పైకి పాకుతుందని, మధ్యలో పల్లంగా ఉంటుందని ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అయినా ఇంతవరకూ ఇది తట్టలేదు, ఆ ద్రవం ఏ చోట నిలబడిందన్నది. ఆ చోటు ఎవరిది? ఆ ఎరుపు గుండ్రంగా నిలబడింది నాన్న ఊపిరి నిలబడ్డ చోటులో. ఆయన ఒకానొక రోజు, ఏ రోజో ఆయనకే తెలియదు, బహుశా ఇంట్లో ఆమె లెక్కలు చేసుకుంటున్న రోజో, జ్వరంతో పడుకున్న రోజో, పిల్ల మొహం మీది వెంట్రుక జరిపేంత గాలి వదిలాడు, ఆ గాలి ఇదిగో, ఇంకా ఇలాగే ఉంది, ఇంతే ఉంది, వీసమెత్తు తగ్గలేదు. రేపు పొద్దున్న ఆయన నోటి నుంచి గాలి రాదు. ఇక్కడ మాత్రం వచ్చి ఉంది. ఇది ఇంత తేటగా ఎదురుగా కనబడుతుంటే ఆమె పక్క కుర్చీలో కూర్చుంది. ఈ లోపల యజమానురాలు కూడా గుడ్డ భుజాన వేసుకుని వచ్చి నిలబడింది.

"మా నాన్నండీ" అంది ఆమె. "గాజు ఊదుతారు. అది ఆయన పని."

అలా చెప్పడం అదే మొదటిసారి. నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో అని ఆశ్చర్యపోయింది.

"మంగళవారాలు బయట నిలబడతారు, ఆయనా?" అంది యజమానురాలు. "రెండుసార్లు లోపలికి రమ్మన్నాను. తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయారు. మీరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాళ్ళు."

"అవునండీ. నేనే."

పెద్దాయన గ్లాసును బల్ల మీద పెట్టి ఆమె వైపు ఒక అంగుళం జరిపాడు. ఆయనకు అది ఎంత దూరమో యజమానురాలి మొహంలో కనబడింది. ఆమె ముట్టుకోలేదు. ఫోను తీసి నాన్నకు కలిపింది. ఎనిమిది సార్లు మోగింది. తొమ్మిదోసారికి ఆ సగం గాలి, సగం మాట.

"చెప్పు."

"నాన్నా, మాట్లాడకు. విను." ఆమె ఫోను గ్లాసు పక్కన పెట్టి పెద్దాయన వంక చూసింది. ఆయనకు చెప్పనక్కర్లేకపోయింది. గోరుతో అంచు మీద ఒక్కసారి మీటాడు. ఆ శబ్దం ఇలా ఉందని చెప్పడానికి ఆమె దగ్గర మాట లేదు, ఖాళీ గ్లాసు పలికే సన్నటి పలుకు కాదు, దానికంటే కిందికి, లోపలికి, ఎవరో బావిలోంచి పిలిచినట్టు, చాలాసేపు, ఇక ఆగిందనుకున్నాక కూడా. పుట్టగొడుగుల పళ్ళెం దగ్గర ఇద్దరూ నవ్వడం ఆపి ఇటు తిరిగారు. ఫోనులో వార్డు చప్పుళ్ళు, ఏదో బండి చక్రాలు, ఆ వెనక నాన్న ఊపిరి.

ఆ పలుకు పూర్తిగా ఆగాక ఆయన అన్నాడు. "వైన్ సగానికి కాస్త పైన ఉంది. ఇంకా మూడు గుక్కలు తాగాలి."

పెద్దాయన వంగి గ్లాసులోకి చూసుకుని నోరు వెళ్ళబెట్టాడు.

"నిండినదాన్ని ఎప్పుడూ వినలేదమ్మా నేను" అన్నాడు నాన్న. "ఖాళీవే మోగించి పంపేవాళ్ళం. ఆ పలుకు ఎంత కిందికి దిగిందో దాన్నిబట్టి చెప్పాను. ఇలా పలుకుతాయని తెలియదు." మధ్యలో దగ్గు వచ్చింది, ఆగాడు. "ఎవరి చేతిలో ఉంది?"

"కళ్ళద్దాలు చేసే పెద్దాయన నాన్నా. చెయ్యి వణుకుతుంది. నీ గ్లాసైతేనే ఒలకదట. రోజూ నిన్ను పలకరిస్తారట."

"ఏమని?"

"ఏం మేస్త్రీ, బాగున్నావా అని" పెద్దాయనే ఫోను దగ్గరికి వంగి చెప్పాడు, గట్టిగా, దూరపు ఊరికి కేక వేసినట్టు.

అవతల నవ్వులాంటిది వినిపించింది. "బాగున్నానని చెప్పు. పాదం కాస్త వెడల్పు పెట్టేవాణ్ణి. ఎడమచేత్తో దించితే పక్కకు ఒరుగుతుందేమోనని నా భయం. ఆ భయం ఇలా అక్కరకొచ్చిందా." ఆ తర్వాత ఆయన ఎవరితోనో అనడం వినిపించింది, ఫోనుకు దూరంగా, "నర్సమ్మా, ఆ దిండు కింద కాగితం ఉంది, అందుకో. కలం ఇటు ఇవ్వు. ఆ చేతికి కాదు, ఈ చేతికి." కాగితం గరగరమంది. ఆమె కళ్ళు మూసుకుని ఆ చప్పుడు విన్నది, అక్షరం తర్వాత అక్షరం, ఎక్కడ ఆగి ఎక్కడ తోస్తాడో అంతా తెలుసు, అట్ట మీద ముప్పైసార్లు చూసింది కదా.

"అయిపోయింది" అన్నాడు. "నువ్వేం తాగుతున్నావు?"

ఆమె నాలిక కరుచుకుంది. "ఊరికే తీసుకున్నాను నాన్నా. ముట్టలేదు. చూడడానికని."

"గ్లాసు చేసేది చూడడానికి కాదమ్మా" అన్నాడు. అంత బొంగురులోనూ ఆ మాట స్పష్టంగా వచ్చింది. "తాగి, ఏదైనా తిని రా. తొందరేం లేదు. గొంతు పొద్దున్నదాకా ఉంటుంది, వచ్చాక మాట్లాడుకుందాం."

ఆమె వైన్ తాగింది. పుల్లగా ఉంది, ఆ వెంటనే వగరు, ఆ వెనక ఎక్కడినుంచో ఎండ వాసన. నచ్చిందో లేదో తెలియలేదు. రొట్టె తింది, వేయించిన పుట్టగొడుగులు యజమానురాలు తనంతట తనే తెచ్చి పెడితే అవీ తింది. పైన గ్లాసులు మళ్ళీ ఒకసారి మూలిగాయి, ఈసారి పెద్దాయన కూడా తలెత్తి చూశాడు. పనుల చీటీ తీసి ఏడో పని మీద గీత కొట్టింది, ఎనిమిదో పని మీదా కొట్టింది. సంచి సర్దుకుని లేచి, తలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చింది. "రేపు సాయంత్రం కూడా పలకరిస్తారా?" అని పెద్దాయన్ని అడిగింది. "రేపే కదమ్మా ఆయనకు అవసరం" అన్నాడాయన.

ఇదంతా చదివిన మీకు ఒక చిన్న పని. ఎప్పుడైనా ఎక్కడైనా, ఏ పెళ్ళిలోనో, ఏ స్నేహితుల ఇంట్లోనో, సన్నకాడ గ్లాసు మీ చేతికి వస్తే, తాగే ముందు దాన్ని ఒకసారి దీపానికి ఎదురుగా పట్టండి. పక్కవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. గీత కుడికి వాలి ఉంటే ఎవరో ఒక మంచి పనివాడు, ఆయనకొక దణ్ణం. ఎడమకు వాలి ఉంటే మాత్రం కాస్త ఆగండి. నోటితో బదులు చెప్పలేడు గానీ ఆయన ఉన్నాడు, పలక మీద ఎడమచేత్తో కొత్త అక్షరాలు నేర్చుకుంటున్నాడు, కూతురు నేర్పుతోంది. ఆ ఎడం మేస్త్రిని ఒక్కసారి తలుచుకోండి. బాగున్నావా అని పలకరించి, అప్పుడు తాగండి.